మలక్‌పేట గోడకు అవతల మా చిన్నమామ

నల్గొండ నుంచి హైదరాబాదుకు బస్సులో వచ్చేవారికి దిల్‌సుఖ్‌నగర్ దాటిన కాసేపటికి మలక్‌పేట రేసుకోర్సు గోడ తగులుతుంది. మా వైపు పల్లెల్లో ఆ గోడ గురించి చెప్పుకునే మాటలన్నీ పోయిన డబ్బు గురించే. మిర్చి అమ్మిన సొమ్ము ఇల్లు చేరకుండా అక్కడే ఖర్చయిపోయిందనీ, ఫలానావారి ఎకరం అక్కడే కరిగిపోయిందనీ వింటూ పెరిగాం. అందుకే మా చిన్న మేనమామ ఇరవై ఏళ్ళకు పైగా ఆ గోడ లోపల బతికాడని తెలిసిన ఊరివాళ్ళు ఆయన్ను "గుర్రప్పందాలాయన" అనే పిలిచారు, ఇప్పటికీ అలాగే పిలుస్తున్నారు. ఆయన జన్మలో ఒక్క పందెం కూడా కాయలేదు. ఆయన జాకీ. గుర్రం మీద ఉండి దాన్ని నడిపినవాడు. ఆ పనిలోని కష్టం ఎలాంటిదో, నేర్పు ఎంతటిదో మా బంధువుల్లోనే చాలామందికి తెలియదు. దగ్గరగా చూసిన కొద్దిమందిలో నేనొకణ్ణి కాబట్టి, గుర్తున్నంతవరకు రాసిపెట్టడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మా అమ్మమ్మగారి ఊరు డిండి ప్రాజెక్టుకు దగ్గరలో, పాత నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు కలిసే అంచున ఉంటుంది. నీరు పారే కాస్త నేలలో వరి, మిగిలిన చెలకల్లో జొన్న, ఆముదం, బావి ఉన్నవాళ్ళకు రెండు మూడు మడుల మిర్చి పండేది. తాతయ్య ఏటా మిర్చి బస్తాలను లారీకెత్తించి మలక్‌పేట గంజ్‌కు తీసుకుపోయేవాడు. ధర కుదిరేదాకా ఒకటి రెండు రోజులు పట్నంలోనే ఉండవలసి వచ్చేది. మా ఊరివాడే ఒక దూరపు చుట్టం రేసు గుర్రాల స్టేబుల్‌లో సైసుగా, అంటే గుర్రాలను సాకే మనిషిగా ఉండేవాడు కాబట్టి, ఆయన గదిలోనే తాతయ్య పడక. 1980ల మొదట్లో ఒక ఏడు చిన్నమామను కూడా వెంట తీసుకుపోయాడు. అప్పటికి మామకు పద్నాలుగేళ్ళు. బడి మానేసి ఎడ్ల వెంట తిరుగుతున్నాడు. తోటివాళ్ళకంటే పొట్టి, సన్నం. కోపిష్టి కోడెలను కూడా అరవకుండా, కొట్టకుండా కాడి కిందికి తేగలడని ఊళ్ళో పేరు. తెల్లవారుజామున సైసు వెంట గుర్రాల దగ్గరికి వెళ్ళిన ఆ పిల్లవాడు మిర్చి అమ్ముడుపోయాక ఇంటికి రానన్నాడు. తాతయ్య ఎలా ఒప్పుకున్నాడో ఎవరికీ తెలియదు కానీ, లారీలో ఒక్కడే తిరిగివచ్చిన రోజున అమ్మమ్మ మూడు పూటలు అన్నం ముట్టలేదని మా అమ్మ చెప్పేది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మౌలాలిలో జరిగే గుర్రప్పందాలను 1886లో మలక్‌పేటకు మార్పించినవాడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. మన పాలమూరుకు 1890లో మహబూబ్‌నగర్ అనే పేరు వచ్చింది కూడా ఆయన పేరు మీదే. మామకు ఈ సంగతి ఎవరో ముసలి సైసు చెప్పాడు. ఆ మైదానం మనకు పరాయిదేమీ కాదని ఆయన పదేపదే అనేవాడు. నిజానికి గోడ లోపలి సైసుల్లో, పొద్దుటిపూట గుర్రాలకు స్వారీతో పని చేయించే రైడింగ్ బాయ్‌లలో దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట వైపు నుంచి వెళ్ళినవాళ్ళను నేనే ఎందరినో చూశాను.

వెళ్ళగానే గుర్రం ఎక్కించరు. ముందు లద్ది ఎత్తాలి, కింద పరిచిన గడ్డి మార్చాలి, గుర్రానికి ఒళ్ళంతా మాలీషు చేయాలి, గిట్టల్లో ఇరుక్కున్న మట్టి తీయాలి, ఓట్స్, తౌడు, లూసర్న్ గడ్డి కొలిచి పెట్టాలి, పని చేసి వచ్చిన గుర్రాన్ని చెమట ఆరేదాకా చేత్తో పట్టుకొని నడిపించాలి. మామ ఈ పనులన్నీ చేశాడు. ఏ గుర్రానికి చెవి దగ్గర చెయ్యి పెడితే పడదో, ఏది పక్కన మేక లేనిదే మేత ముట్టదో ఆయనకు అప్పుడే పట్టుబడింది. తరువాత పొద్దుటిపూట నడకకు ఎక్కించారు, ఆ తరువాత మధ్యస్థపు పరుగైన క్యాంటర్‌కు, చివరికి పూర్తి దౌడైన గ్యాలప్‌కు. అందరు పిల్లలూ భయంతో కళ్ళెం బిగబట్టి లాగుతారనీ, లాగినకొద్దీ గుర్రం మరింత గుంజుతుందనీ, ఈ పిల్లవాడు మాత్రం లాగడనీ గమనించి ట్రైనర్ ఆయన్ను అప్రెంటిస్‌గా తీసుకున్నాడు. కోడెలతో పడిన పాటు అక్కడ అక్కరకు వచ్చిందని మామ నమ్మకం.

రేసు గుర్రాలకు మోయవలసిన బరువును ముందే నిర్ణయిస్తారు. హ్యాండిక్యాప్ రేసులో మెరుగైన గుర్రం మీద ఎక్కువ బరువు, తక్కువదాని మీద తక్కువ బరువు ఉంటుంది. అప్రెంటిస్ ఎక్కితే అతని అనుభవలేమికి పరిహారంగా ఆ బరువులో కొన్ని కిలోలు తగ్గిస్తారు. గెలుపులు పెరిగినకొద్దీ ఆ రాయితీ తగ్గుతూ పోయి చివరికి ఉండదు. అక్కడే చాలామంది యువకుల కథ ముగిసిపోతుంది. రాయితీ ఉన్నన్నాళ్ళు పిలిచి ఎక్కించుకున్న ట్రైనర్లు అది పోగానే ముఖం చాటేస్తారు. మామకు కూడా రెండేళ్ళపాటు దాదాపు స్వారీలు దొరకలేదు. ఆ రెండేళ్ళూ ఆయన ఎవరినీ నిష్ఠూరమాడకుండా పొద్దుటిపూట ఇతరుల గుర్రాలకు పని చేయిస్తూ, మొండి గుర్రాలను దారికి తెస్తూ నిలదొక్కుకున్నాడు. ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించేది ఆ రెండేళ్ళే. ఫొటోలు లేని కాలం అది.

నేను మొదటిసారి ఆయన స్వారీని దగ్గర నుంచి చూసింది రేసు రోజున కాదు, ఒక చలికాలపు తెల్లవారుజామున. అప్పటికి నేను ఐదో తరగతిలో ఉన్నాను. కంచె పక్కన నిలబడ్డాను. ముందు గిట్టల చప్పుడు, తరువాత గుర్రం ఊపిరి, ఆ తరువాత మంచులోంచి మనిషి. ఆయన జీను మీద కూర్చోలేదు. పొట్టి రికాబుల మీద కాలి ముందుభాగాలు మాత్రమే ఆనించి, మోకాళ్ళు మడిచి, వీపును గుర్రం మెడకు సమంగా వంచి ఉన్నాడు. కింద గుర్రం ఒళ్ళు ఎగిసిపడుతున్నా ఆయన తల మాత్రం ఒకే ఎత్తున సాగిపోయింది. ఈ భంగిమను 19వ శతాబ్దం చివర టాడ్ స్లోన్ అనే అమెరికన్ జాకీ ఇంగ్లండులో ప్రచారంలోకి తెచ్చాడు. మొదట నవ్వినవాళ్ళే తరువాత దాన్ని అనుసరించారు. ఆ పద్ధతి పాకిన కాలంలోనే రేసు సమయాలు 5 నుంచి 7 శాతం మెరుగుపడ్డాయనీ, జాకీ తన కాళ్ళతో కుదుపును తానే మింగుకుంటాడు కాబట్టి అడుగడుగునా అతని బరువును ముందుకూ వెనక్కూ ఊపే శ్రమ గుర్రానికి తప్పుతుందనీ 2009లో వెలువడిన ఒక శాస్త్రీయ అధ్యయనం చెప్పింది. నేను ఇది చదివి వినిపించినప్పుడు మామ తన తొడలు తట్టుకొని, "ఆ శ్రమంత యాడికి పోతది బిడ్డా, ఈడికే వస్తది" అన్నాడు. నిలబడ్డట్టూ కాక, కూర్చున్నట్టూ కాక, నిమిషానికి పైగా తొడల మీదే ఒళ్ళంతా ఆపి, గంటకు దాదాపు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న ఐదువందల కిలోల జీవాన్ని రెండు చేతులతో అదుపు చేయడం ఎంత పనో ఊహించుకుంటే తెలుస్తుంది.

అంతకంటే వింతగా అనిపించేది ఆయనకున్న కాలజ్ఞానం. రేసు మైదానంలో దూరాన్ని ఫర్లాంగుల్లో చెప్పుకుంటారు. ఫర్లాంగు అంటే దాదాపు 201 మీటర్లు. పొద్దుటి పనిలో ట్రైనర్ ఫర్లాంగుకు 15 సెకన్ల చొప్పున తీసుకురమ్మంటే, 14లోనూ రాకూడదు, 16లోనూ రాకూడదు. జాకీ చేతికి గడియారం ఉండదు. రేసులోనూ అంతే. 1200 మీటర్ల పరుగు ఒక నిమిషం పన్నెండు, పదమూడు సెకన్లలో ముగిసిపోతుంది. అందులో మొదటి సగం ఎంత వేగంగా పోయిందో ఒంటికి తెలిస్తేనే చివరి రెండు ఫర్లాంగులకు గుర్రంలో ఏమైనా మిగులుతుంది. సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు ఆయన చెరువు కట్ట మీద కూర్చొని నా చేతికి తన గడియారం ఇచ్చేవాడు. "నువ్వు ముల్లు చూడు, నేను చెప్త" అని కళ్ళు మూసుకునేవాడు. నేను ఊరికే ఉండకుండా ఏదో ఒకటి అడిగి ఆయన ధ్యాస మళ్ళించాలని చూసేవాణ్ణి. ఆయన నాకు జవాబు చెబుతూనే, మధ్యలో "అయింది" అనేవాడు. చూస్తే ముల్లు సరిగ్గా పదిహేను మీద ఉండేది. కుడిచేతి చూపుడువేలును మాత్రం మోకాలి మీద చాలా మెల్లగా కదిలించేవాడు. అది నాకు కొన్నేళ్ళ తరువాత గానీ కనబడలేదు.

ఆకలి సంగతి రాయకపోతే జాకీ సంగతి రాసినట్టు కాదు. ఆయన మామూలు బరువు 54 కిలోల దగ్గర ఉండేది. తక్కువ బరువు నిర్ణయించిన మంచి గుర్రం దొరికిన వారం దాన్ని మూడు, నాలుగు కిలోలు దించవలసి వచ్చేది. రెండు స్వెట్టర్ల మీద రెయిన్‌కోటు తొడుక్కొని ఎండలో పరుగెత్తేవాడు, ఆవిరి గదిలో కూర్చునేవాడు. నీళ్ళు గుక్కెడు నోట్లో పోసుకొని పుక్కిలించి ఉమ్మేసేవాడు. రేసుకు ముందు జీనుతో సహా తూకం మీద నిలబడాలి. బరువు తక్కువైతే జీను కింది గుడ్డ జేబుల్లో సీసపు బిళ్ళలు పెడతారు. రేసు అయ్యాక మళ్ళీ తూకం. అక్కడ తక్కువ తేలితే గెలిచిన గుర్రం కూడా గెలుపు కోల్పోతుంది. హైదరాబాదులో వానాకాలపు రేసులు జులై నుంచి అక్టోబరు దాకా సాగుతాయి. వాటిలో పెద్దదైన డెక్కన్ డెర్బీ అక్టోబరు 2న జరుగుతుంది. అంటే సరిగ్గా మా ఇంట్లో బతుకమ్మ, దసరా వచ్చే రోజులు. అమ్మమ్మ నువ్వుల సద్ది, పల్లి సద్ది, మలీద ముద్దలు కట్టి ఎవరో ఒకరి చేతికిచ్చి మలక్‌పేటకు పంపేది. మామ వాటిలోంచి ఒక్క చిటికెడు నోట్లో వేసుకొని, మిగిలినదంతా సైసుల పిల్లలకు పంచి, "మస్తున్నయని చెప్పు అవ్వకు" అనేవాడు. అమ్మమ్మకు ఆ సంగతి చివరిదాకా ఎవరమూ చెప్పలేదు.

ఇప్పుడు పందెం సంగతి. లైసెన్సున్న జాకీ పందెం కాయడం నిషిద్ధం. పందెం కాసినట్టు తేలితే లైసెన్సు పోతుంది, తిండి పోతుంది. కానీ ఊరి నుంచి వచ్చే బంధువులకు ఈ నియమం అర్థమయ్యేది కాదు. ఎక్కడెక్కడి చుట్టాలో శనివారం దిగి, టీ తాగి, మెల్లగా "రేపేది గెలుస్తది?" అని అడిగేవాళ్ళు. మామ అందరికీ ఒకే జవాబు చెప్పేవాడు: "అన్ని మంచి గుర్రాలే బావా, ఏది గెలుస్తదో నాకెర్కుంటే నేను ఇంత మాడుతనా?" దానితో మా బంధువర్గంలో ఆయనకు రెండు చెడ్డపేర్లు ఒకేసారి అంటుకున్నాయి. పందేలవాడని కొందరు దూరం పెట్టారు, పందెం చెప్పడం లేదని మరికొందరు దూరమయ్యారు. ఒక దగ్గరి చుట్టమైతే అయిదారేళ్ళు మాట్లాడలేదు. ఆ అన్యాయం తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

1996 జనవరిలో సుప్రీంకోర్టు మద్రాసుకు సంబంధించిన కేసులో తీర్పు ఇస్తూ, గుర్రప్పందాలు ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అనీ, గుర్రం పుట్టుక, తర్ఫీదు, దాన్ని నడిపే జాకీ నేర్పు ఫలితాన్ని నిర్ణయిస్తాయనీ చెప్పింది. నేను ఆ వార్తను మామకు చదివి వినిపించాను. ఆయన తీర్పులోని మిగతా భాగాన్ని పట్టించుకోలేదు. జాకీ నేర్పు అన్న మాట ఉన్న వాక్యాన్ని మాత్రం మళ్ళీ చదవమన్నాడు. ఆ పేపరు ముక్కను మడిచి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, లైసెన్సు పుస్తకంతో పాటు దాచుకున్నాడు. పందేల వల్ల కుటుంబాలు పాడవడం నిజమే. ఆ మాటను మామ కూడా కాదనడు. కానీ గోడ లోపల చెమటోడ్చే మనిషి వేరు, గోడ బయట ఆశపడే మనిషి వేరు అని మా ఊళ్ళో ఒక్కరికైనా చెప్పగలిగితే చాలునని ఆయన కోరిక.

ఆయన ఎన్ని రేసులు గెలిచాడో లెక్క పెట్టి చెప్పడం నాకు ఇష్టం లేదు. పేసీ ష్రాఫ్‌లాంటి మహా జాకీ ఇండియన్ డెర్బీని ఎనిమిదిసార్లు గెలిచాడు. మామ ఏ డెర్బీనీ గెలవలేదు. కానీ అమ్మతో కలిసి నేను చూసిన ఒక రేసు గురించి చెప్పాలి. ఆ ఆడ గుర్రానికి పుస్తకంలో ఏదో పొడవాటి ఇంగ్లీషు పేరుండేది, మామ మాత్రం లచ్చి అని పిలిచేవాడు. ఆ రోజు అదే ఫేవరెట్, అంటే గెలుస్తుందని జనం ఎక్కువగా పందెం కాసిన గుర్రం. గేటు తెరుచుకోగానే నాలుగో స్థానంలో కుదురుగా పట్టి ఉంచాడు. ఆఖరి మలుపు తిరిగి చేతులు వదలగానే అది ముందుకు దూసుకొచ్చింది. స్టాండ్స్‌లో జనమంతా లేచి నిలబడ్డారు. అంతలోనే మామ నడుము పైకెత్తి, కొరడా ఎత్తకుండా, కళ్ళెం దగ్గరికి తీసుకున్నాడు. మిగిలిన గుర్రాలు ఒక్కొక్కటిగా దాటిపోయాయి. లచ్చి మెల్లమెల్లగా నడకలోకి వచ్చి ఆగింది. జాకీ దిగి, వంగి, దాని ముందరి ఎడమ కాలును రెండు చేతులతో పట్టుకొని నిలబడ్డాడు. మా చుట్టూ ఉన్న జనం ఆయన్నూ, ఆయన తల్లినీ ఎన్నెన్ని మాటలన్నారో రాయలేను. మా అమ్మ ఆ తల్లికి పుట్టిన బిడ్డే. కొంగు నోట్లో కుక్కుకొని కూర్చుంది.

గుర్రాన్ని దాని శక్తి ఉన్నంతవరకు పరుగెత్తించవలసిందే అన్నది జాకీ మీద ఉండే ప్రధానమైన నియమం. అది తప్పితే రేసుల నియమాలను చూసుకునే అధికారులు, స్టీవార్డ్స్, పిలిచి విచారిస్తారు. మామను కూడా పిలిచారు. పశువైద్యుడు కాలు పరీక్షించి స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) దెబ్బతిన్నదని చెప్పాక వదిలేశారు. ఎముక ఇంకా విరగలేదు. మరో వంద మీటర్లు అదే వేగంతో పోయి ఉంటే విరిగేది. కాలు విరిగిన రేసు గుర్రాన్ని చాలాసార్లు బతికించలేరు, ఎందుకంటే అంత బరువున్న జీవం మూడు కాళ్ళ మీద వారాల తరబడి నిలబడలేదు, పడుకోనూలేదు. అసలు నీకెలా తెలిసిందని అడిగితే, "అడుగు పడే వరుస తప్పింది రా, మోకాళ్ళకు తెల్సింది" అని మాత్రం చెప్పాడు. నా దృష్టిలో ఆయన స్వారీలన్నిటిలో గొప్పది అదే. ఏ పట్టికలోనూ అది గెలుపుగా ఉండదు.

ఆయన పడినప్పుడల్లా అమ్మమ్మ పడిన బాధ వేరు. మర్రిగూడ, మునుగోడు వైపు మా చుట్టాల ఇళ్ళల్లో ఫ్లోరైడు నీళ్ళతో వంకరపోయిన కాళ్ళను, బిగుసుకుపోయిన వెన్నులను ఆమె చిన్నప్పటి నుంచి చూసింది. దేవుడు మంచి ఎముకలిచ్చిన కొడుకు వాటిని తానే విరగ్గొట్టుకుంటున్నాడని ఏడ్చేది. మెడ దగ్గరి ఎముక రెండుసార్లు, మణికట్టు ఒకసారి, పక్కటెముకలు చాలాసార్లు విరిగాయి. 1979లో బొంబాయి రేసులో పడి చిన్నవయసులోనే మరణించిన జాకీ కార్ల్ ఉమ్రిగర్ పేరును పాత సైసులు మామ దగ్గర ఎత్తేవారు కాదు. 2000 దాటాక ఒక వానాకాలంలో ముందున్న గుర్రం తొట్రుపడటంతో దాని వెనకే మామ గుర్రం కూలింది. గుర్రం లేచి వెళ్ళిపోయింది. మామ తుంటి ఎముక విరిగి నెలల తరబడి మంచం మీద ఉన్నాడు. అంతటితో స్వారీ ఆగిపోయింది.

దెబ్బ మానాక పొద్దుటిపూట ట్రాక్ పక్కన నిలబడి కొత్త అప్రెంటిస్‌లకు నేర్పే పని చేస్తున్నాడు. బిడ్డ పెళ్ళి కుదుర్చుకునేటప్పుడు మగపెళ్ళివారి పెద్దాయన తండ్రి ఏం చేస్తాడని అడిగితే, మా అత్తమ్మ ఏ తడుముకోలూ లేకుండా ఇల్లు, చెలక, ఇద్దరు పిల్లల చదువులు అన్నీ స్వారీ ఫీజుతో, గెలుపుల వాటాతో వచ్చినవేనని చెప్పి, తూకం రోజుల్లో తాను ఆయనకు ఏమి వండిపెట్టేదో కూడా చెప్పింది. ఆ పెద్దాయన చాలాసేపు వివరాలు అడిగి, పెళ్ళికి ఒప్పుకొని, ఆ తరువాత మా మామతో కలిసి ఒక పొద్దున మలక్‌పేటకు వెళ్ళి గుర్రాలను చూసివచ్చాడు.

రాసినంతవరకు ఫోనులో చదివి వినిపిస్తే మామ నా లెక్కల్లో, పేర్లలో ఏ తప్పూ పట్టలేదు. "లచ్చి సైసు గురించి ఒక్క ముక్క రాయకపోతివేంరా?" అన్నాడు. ఆ సైసు కొల్లాపూర్ వైపు మనిషి. కాలు దెబ్బతిన్న రాత్రి లచ్చిని వదలకుండా పక్కనే కూర్చొని, ఐసు నీళ్ళలో తడిపిన గుడ్డలు మారుస్తూ తెల్లవార్లూ మేలుకొని ఉన్నాడు. రేసులకు పనికిరాదని తేలాక దాన్ని పిల్లల కోసం స్టడ్ ఫారానికి పంపించారు. సైసు కూడా అదే లారీలో ఎక్కి వెళ్ళి, అది ఏ పక్క నుంచి వస్తే ఊరుకుంటుందో, నీళ్ళల్లో కాస్త బెల్లం వేస్తే గానీ తాగదనీ, ఎడమ కాలు ముట్టుకునేముందు మెడ నిమరాలనీ అక్కడివాళ్ళకు పూసగుచ్చినట్టు చెప్పి, రెండు రోజులు వాళ్ళతో ఆ పనులన్నీ తన కళ్ళముందే చేయించి, ఆ తరువాతే బస్సెక్కి తిరిగివచ్చాడట.